మన తాతల కాగితం ఎవరు చదవాలె?



ఈ పోస్టు కొంచెం పొడుగు ఉంటది, తీరిక చేసుకొని చదవండి. డిగ్రీ ఫైనల్ ఇయర్‌లో ఉన్నోళ్లు మాత్రం తప్పక చదవండి. "డిగ్రీ అయినంక ఏం చేస్తవ్?" అని ఇంటికి పోయినప్పుడల్లా అడుగుతరు కదా, దాని గురించే ఇది.

మేము ఖైరతాబాద్‌లో ఒక హాస్టల్‌లో ఉంటం. ఒక్క రూమ్‌లో ఆరుగురం. జైనూరు దిక్కు నుంచి ఇద్దరం గోండులం, భద్రాచలం అవతలి నుంచి ఒక కోయ తమ్ముడు, అమ్రాబాద్ నుంచి ఒక చెంచు తమ్ముడు, మహబూబాబాద్ తండాల నుంచి ఇద్దరు. ఆరుగురి ఇండ్లల్లో కాలేజీ మెట్లెక్కిన మొదటోళ్లం మేమే. మాలో మాకు వాదాలున్నయి, కొన్ని రాత్రులు గట్టిగనే నడుస్తయి. అవి ఈ పోస్టులో తీయం. ఇది ఒక కాగితం గురించి, ఆ కాగితం చూసినంక మేము చేసిన ఆలోచన గురించి.

టిన్ను డబ్బాలో కాగితం

మా రూమ్‌లో జైనూరు తమ్ముని ఇంటోళ్లు అడవి అంచున ఐదెకరాలు దున్నుకుంటరు. తాత దున్నిండు, నాయన దున్నిండు, ఇప్పుడు అన్న దున్నుతున్నడు. పోడు పట్టా కోసం దరఖాస్తు పెట్టుకున్నరు. "ఆధారాలు చాలవు" అని తిరిగొచ్చింది. ఆ మాట విన్నరోజు వాళ్ల నాయనమ్మ లోపలికి పోయి టిన్ను డబ్బా తెరిచి, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఒక కాగితం తెచ్చి చేతిలో పెట్టింది. "మీ తాత దీన్ని పారేయొద్దన్నడు" అంది. అంతే. అందులో ఏముందో ఆమెకు తెల్వదు. మడతల దగ్గర చినిగి, పసుపుపచ్చగా అయిన కాగితం. మొత్తం ఉర్దూ. ఒక మూలకు ముద్ర.

ఇంట్లో అందరు అది లావణి పట్టా అనుకున్నరు. ఇన్నేండ్లు ఆ నమ్మకం మీదనే బతికిన్రు. ఊళ్లో చదివేటోళ్లు లేరు. మండల కేంద్రంలో అడిగితే "హైదరాబాద్ తీస్కపోండి" అన్నరు.

తమ్ముడు హైదరాబాద్ తెచ్చిండు. మేమందరం బీఏ చదువుతున్నం, మూడేండ్ల నుంచి హిస్టరీ పరీక్షలు రాస్తున్నం. అక్బర్ ఎప్పుడు పుట్టిండో చెప్తం, ఫ్రెంచి విప్లవానికి కారణాలు పది పాయింట్లు రాస్తం. ఆ కాగితంలో మాత్రం ఒక్క అక్షరం ఎవ్వరికీ రాలేదు.

ఎవరో చెప్తే నాంపల్లి పోయినం. కోర్టుల దిక్కు ఉర్దూలో దరఖాస్తులు రాసే ఒక పెద్దాయన ఉన్నడు. అద్దాలు తుడుచుకొని, కాగితాన్ని ఎండకు పెట్టి, పది నిమిషాలు చూసిండు. మేము ఊపిరి బిగవట్టుకొని నిలబడ్డం.

"బేటా, ఇది పట్టా కాదు. రసీదు" అన్నడు.

ఒక సంవత్సరం భూమి శిస్తు కట్టినట్టు ఇచ్చిన రసీదు. మౌజా అని ఊరి పేరు ఉంది. కట్టినోళ్ల పేరు, తర్వాత 'వల్ద్' అని ఇంకో పేరు. వల్ద్ అంటే ఫలానా వాళ్ల కొడుకు అని. తమ్ముని ముఖం మాడిపోయింది, పట్టా కాదని. కాని ఆ 'వల్ద్' తర్వాతి పేరు విన్నప్పుడు తల ఎత్తిండు. అది వాళ్ల తాత నాయన పేరు. ఆ పేరు పాటల్లో, పెద్దల పూజల్లో విన్నడు గాని, కాగితం మీద ఉంటదని వాళ్లింట్లో ఎవరికీ తెల్వదు.

పెద్దాయన రెండు వందలు తీసుకున్నడు. తీసుకొని ఒక మాట అన్నడు: "మీ ఉస్మానియా పుట్టిందే ఉర్దూలో కద బేటా. సదువుకున్న పిల్లలు మీరు, ఈ కాగితం పట్టుకొని నా దగ్గరికి రావాల్నా? నేను పోయినంక ఎవరి దగ్గరికి పోతరు?"

నాంపల్లి నుంచి లక్డీకాపూల్ మీదుగా ఖైరతాబాద్ దాకా నడుచుకుంట వచ్చినం. దారిలో ఎవ్వరం మాట్లాడలేదు.

1354 ఏం సంవత్సరం?

రసీదు మీద తేదీ ఇట్ల ఉంది: బహ్మన్ నెల, 1354 ఫసలీ. మొదట మేము 1354 అంటే కాకతీయుల తర్వాతి కాలమా అని నవ్వుకున్నం. తర్వాత కూర్చొని లెక్క పట్టినం.

ఫసల్ అంటే పంట. శిస్తు వసూలుకు పంటతో కలిసి నడిచే సంవత్సరం అది. నిజాం రాజ్యంలో ఫసలీ సంవత్సరం అక్టోబర్ మొదట్లో ఆజూర్ నెలతో మొదలైతది. తర్వాత దై, ఆ తర్వాత బహ్మన్. ఫసలీకి 590 కలిపితే మనకు తెలిసిన సంవత్సరం వస్తది, జనవరి దాటిన నెలలైతే 591 కలపాలె. అంటే ఆ రసీదు 1944 డిసెంబర్ దిక్కుది. మన దేశానికి స్వాతంత్ర్యం రాక ముందు, హైదరాబాద్ మీద పోలీసు చర్య జరగక ముందు, ఆ ఇంటి పెద్దమనిషి సర్కారుకు శిస్తు కట్టిండు. అట్లాంటి మనిషి మనవలను పట్టుకొని "మీరు ఎప్పుడొచ్చిన్రు ఈడికి?" అని అడుగుతున్నరు.

తర్వాత అటవీ హక్కుల చట్టం తీసి చదివినం. చట్టం 2006ది, దాని నియమాలు 2008వి. ఆ నియమాల్లో 13వ నియమం ఒకటి ఉంది. భూమి మీద హక్కు చూపడానికి ఏమేం ఆధారాలు పనికొస్తయో అందులో రాసిన్రు. ఒకటి కాదు, చాలా ఉన్నయి. గెజిటీర్లు, సెన్సస్, సర్వే సెటిల్మెంట్ రిపోర్టులు, పటాలు. పాత సంస్థానాల నాటి రికార్డులు. ఇండ్లు, గట్లు. బావులు, బొందలగడ్డలు, దేవుని స్థలాలు. పాత రికార్డులో ఉన్న మనిషితో మన సంబంధం చూపే వంశవృక్షం. పేరున్న సంస్థలు చేసిన పరిశోధనలు. చివరికి, దరఖాస్తు పెట్టుకున్నోళ్లు కాకుండా ఊరి పెద్దలు చెప్పిన మాట, కాగితం మీద రాసింది. దరఖాస్తుకు వీటిలో కనీసం రెండు ఉండాలె.

ఈ లిస్టు మళ్లొకసారి చదవండి. పాత రికార్డు వెతుకుడు, దాన్ని చదువుడు, తేదీ కట్టుడు, కట్టడాలు గుర్తించుడు, వంశం రాసుడు, పెద్దల నోటి మాట రాసుకొనుడు. ఇవన్నీ చరిత్రకారులు చేసే పని. మన ఊరి భూమికి కావాల్సిన చదువు ఇంజినీరింగ్ ఒక్కటే కాదని, ఎం.ఏ. హిస్టరీ కూడా అని మాకు ఆ రాత్రి అర్థమైంది.

ఒక్క సంగతి దాచకుండా చెప్పాలె. ఆ రసీదు శిస్తు కట్టిన్రని చెప్తది గాని, ఏ చెలకకు కట్టిన్రో చెప్పదు. దానికి సేత్వార్ కావాలె, పాత నక్షా కావాలె, 1954–55 ఖాస్రా పహాణీ కావాలె. ఒక కాగితం ఎంత చెప్తదో, ఎక్కడ ఆగిపోతదో తెలుసుకొనుడు కూడా చరిత్ర చదువే. మనకు ఇష్టమైనట్టు దానితో చెప్పించుకుంటే రేపు అవతలోళ్లు ఒక్క ప్రశ్నతో కొట్టేస్తరు.

అబిడ్స్ దగ్గర పుట్టిన యూనివర్సిటీ

పెద్దాయన అన్న మాట మీద ఉస్మానియా కథ కూడా చదివినం. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1917లో ఫర్మానా ఇచ్చిండు, 1918లో యూనివర్సిటీ ఏర్పడింది, 1919లో క్లాసులు మొదలైనయి. అప్పుడు తార్నాక దిక్కు క్యాంపస్ లేదు. అబిడ్స్‌కు దగ్గర్లోనే, బషీర్‌బాగ్‌లో నిజాం కాలేజీ పక్కన మొదలైంది. మేము ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనుక్కునే చోటికి ఎంతో దూరం కాదు.

అప్పట్లో మన దేశంలో యూనివర్సిటీ చదువంటే ఇంగ్లీషే. ఉస్మానియా మాత్రం ఉర్దూలో చెప్పింది. అందుకోసం దారుల్ తర్జుమా అని ఒక అనువాద సంస్థ పెట్టి చరిత్ర, సైన్సు, న్యాయం, వైద్యం అన్నిటి పుస్తకాలు ఉర్దూలోకి తెచ్చిన్రు. చరిత్ర ప్రొఫెసర్‌గా హరూన్ ఖాన్ షేర్వానీ పని చేసిండు. బహమనీల మీద, కుతుబ్‌షాహీల మీద ఆయన రాసిన పుస్తకాలు ఇప్పటికీ ఎం.ఏ.లో చదవాల్సిందే.

ఇంగ్లీషు కాకుండా మన దేశపు భాషలో పెద్ద చదువు చెప్పొచ్చని చూపించింది, అది గొప్ప సంగతే. కాని ఆ రాజ్యంలో ఎక్కువ మంది మాట్లాడే తెలుగుకు ఆ చోటు దొరకలేదు. మరాఠీకి, కన్నడకు దొరకలేదు. గోండి, కొలామి, కోయ, లంబాడీ మాటలైతే లెక్కలోనే లేవు. 1948 తర్వాత ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. భాష మారింది గాని మన పిల్లలు ఎప్పుడూ పరాయి భాషలోనే పరీక్ష రాసిన్రు.

ఆర్ట్స్ కాలేజీ ముందు నిలబడి మనందరం ఫోటో దిగుతం కదా. ఆ రాతి భవనాన్ని 1939 డిసెంబర్ 4న ప్రారంభించిన్రు. ఏడాది తిరగక ముందే, 1940లో, అదే సర్కారు పోలీసులు జోడేఘాట్‌లో కొమురం భీంను కాల్చి చంపిన్రు. ఒక చేత్తో అంత పెద్ద చదువుల గుడి కట్టిన రాజ్యం, ఇంకో చేత్తో అడవిలో చెలక అడిగినోళ్ల మీద తుపాకీ పెట్టింది. ఈ రెండు సంగతులు వేరేవేరే చాప్టర్లలో చదివినం గాని, పక్కపక్కన పెట్టి చూడాలని మాకెవరూ చెప్పలేదు.

మన గురించి రాసిన పరాయి మనిషి

మార్లవాయి ఊరు, హైమండార్ఫ్ పేరు మా జైనూరు దిక్కు తెల్వనోళ్లు ఉండరు. క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ ఆస్ట్రియా దేశస్తుడు. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు ఆయన దగ్గర జర్మన్ పాస్‌పోర్టు ఉండడంతో ఇంగ్లీషోళ్లు శత్రుదేశం మనిషిగా లెక్కగట్టి, హైదరాబాద్ రాజ్యం దాటకుండా ఉంచిన్రు. ఆ కట్టడిలోనే ఆయన మొదట చెంచుల దగ్గరికి పోయిండు, తర్వాత గోదావరి గుట్టల్లో కొండరెడ్ల దగ్గరికి, ఆ తర్వాత ఆదిలాబాద్ గోండుల దగ్గరికి. చెంచుల పుస్తకం 1943లో, కొండరెడ్లది 1945లో, రాజగోండులది 1948లో వచ్చినయి.

భీం చనిపోయినంక, ఈ అడవి మనుషులు ఎందుకు తిరగబడ్డరో సర్కారుకు తెలుసుకోవాల్సి వచ్చింది. హైమండార్ఫ్ రిపోర్టులు ఏం చెప్పినయంటే: భూములు వడ్డీ వ్యాపారుల చేతికి, వలస వచ్చినోళ్ల చేతికి పోతున్నయి, అడవి శాఖ రిజర్వు పేరుతో ఊళ్లు లేపేస్తున్నది, పట్టా అంటే ఏందో తెల్వక జనం దివాలా తీస్తున్నరు. ఆ తర్వాత ఆయననే సర్కారు సలహాదారుగా పెట్టుకుంది, ఉస్మానియాలో ప్రొఫెసర్‌గా కూడా పని చేసిండు. 1943లో మార్లవాయిలో గోండు పిల్లలను టీచర్లుగా తయారు చేసే బడి మొదలైంది. గోండి పుస్తకాలు అచ్చేసిన్రు. వేల కుటుంబాలకు పట్టాలు ఇచ్చిన్రు.

ఇప్పుడు మా రూమ్ తమ్ముని రసీదు తేదీ చూడండి. 1354 ఫసలీ, 1944 డిసెంబర్. సరిగ్గా ఆ కాలమే. ఆ రసీదుకు, ఆ పట్టాల పనికి సంబంధం ఉందా? ఉండొచ్చు. లేకపోవచ్చు. అది రికార్డులో వెతికితేనే తేలుతది. వెతికేటోళ్లు కావాలె.

హైమండార్ఫ్‌ను మనోళ్లు దేవునోలె చూస్తరు. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ 1987లో హైదరాబాద్‌లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేసిన్రు. ఏటా జనవరిలో ఊరు కలిసి దండం పెడతది. మాకూ గౌరవమే. కాని ఒక మాట. మన తాతల ఫోటోలు, ఆయన తీసిన సినిమాలు, రాసుకున్న నోట్సు ఇప్పుడు లండన్‌లో ఒక యూనివర్సిటీలో ఉన్నయి. ఆయన పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నయి. మన తాతలు ఆయనకు చెప్పిన మాట, ఆయన రాసిన మాట ఒక్కటేనా అని సరిచూడగలిగేది ఎవరు? గోండి వచ్చి, ఇంగ్లీషు చదవగలిగి, ఉర్దూ రికార్డు కూడా తిప్పగలిగే మనిషి. అట్లాంటి మనిషి మన ఊళ్ల నుంచే రావాలె.

ఆయనే 1970ల చివర్లో తిరిగొచ్చి చూసి, 1982లో అచ్చయిన ఇంకో పుస్తకంలో, ఇచ్చిన భూములు మళ్లీ చేజారుతున్నయని రాసిండు. 1959 భూమి బదలాయింపు నిబంధన, 1970 సవరణ కాగితం మీద ఉండగానే జరిగింది అది. రాసేటోళ్లు ఒక్కరే అయితే, వాళ్లు వెళ్లిపోయినంక కాపలా ఉండదు.

భీం ఏ రోజు అమరుడయ్యిండు?

హిస్టరీ చదివితే ఏమొస్తది అని అడిగేటోళ్లకు మేము ఈ ఒక్క ఉదాహరణ చెప్తున్నం.

భీం అమరుడైన తేదీ కొన్నిచోట్ల 1940 సెప్టెంబర్ 1 అని ఉంటది. కొన్నిచోట్ల అక్టోబర్ అని ఉంటది. జోడేఘాట్‌లో మాత్రం ఏటా ఆశ్వయుజ పున్నమి నాడు వర్ధంతి చేస్తరు. మన పెద్దలు తేదీ చెప్పరు, "పున్నమి" అంటరు.

మేము మామూలుగా, పుస్తకంలో ఉన్నదే నిజం, ఊరోళ్ల మాట అంచనా అనుకునేటోళ్లం. ఈసారి లెక్క కట్టినం. 1940 అక్టోబర్ 1న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. మన దేశంలో కనపడలేదు, దక్షిణ అమెరికాలో, దక్షిణ ఆఫ్రికాలో కనపడింది. సూర్యగ్రహణం అమావాస్య నాడే పడుతది. అంటే అక్టోబర్ 1 అమావాస్య. అక్కడి నుంచి ఇరవై తొమ్మిదిన్నర రోజులు వెనక్కి పోతే సెప్టెంబర్ 1, 2 తారీకులు. అదీ అమావాస్యే. పున్నమి కాదు. ముందుకు పోతే అక్టోబర్ 16 దిక్కు పున్నమి వస్తది, అదే ఆశ్వయుజ పున్నమి.

అంటే ఊరి మాట నిజమైతే సెప్టెంబర్ 1 తప్పు. సెప్టెంబర్ 1 నిజమైతే ఊరు ఒక అమావాస్యను పున్నమిగా గుర్తు పెట్టుకున్నట్టు. అడవిలో ఉండేటోళ్లు, వెన్నెలకు, చీకటికి తేడా మర్చిపోతరా? మా మనసు ఊరి మాట దిక్కే ఉంది. కాని ఆనాటి పోలీసు రికార్డు చూసేదాకా తీర్పు చెప్పొద్దు. ఈ లెక్కకు క్యాలెండర్, ఒక గ్రహణం తేదీ, పెద్దల మాట మీద గౌరవం తప్ప ఏమీ అక్కర్లేదు. బీఏ పిల్లలం హాస్టల్ మంచం మీద కూర్చొని చేసినం. రెండేండ్లు పద్ధతిగా నేర్చుకుంటే ఇంకెంత చేయొచ్చు?

ఇంద్రవెల్లి సంగతీ అంతే. 1981 ఏప్రిల్ 20న సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపితే సర్కారు లెక్క 13 మంది. ఊళ్లల్లో చెప్పే లెక్క దానికంటే చాలా ఎక్కువ. ఆనాడు ఏ ఇంట్లో ఎవరు తిరిగి రాలేదో తెలిసిన ముసలోళ్లు ఇంకా కొందరు బతికే ఉన్నరు. ఊరూరు తిరిగి పేర్లు రాసుకుంటే ఆ లెక్క తేలుతది. ఇంకో ఇరవై ఏండ్లకు రాసుకోవడానికి మనిషి ఉండడు.

మనం నడిచే దార్ల పేర్లు

ఖైరతాబాద్ అన్న పేరు కుతుబ్‌షాహీ రాజకుమారి ఖైరున్నీసా బేగం నుంచి వచ్చింది. అబిడ్స్ పేరు ఆరో నిజాం దగ్గర కొలువు చేసిన ఆల్బర్ట్ అబిడ్ అనే ఆయనది. మా హాస్టల్ నుంచి కొంచెం దూరం పోతే బంజారాహిల్స్. అక్కడి గుట్టల్లో బంజారాలు ఉండేటోళ్లు, అందుకే ఆ పేరు. రాజకుమారి పేరు తెలుసు, కొలువు చేసినాయన పేరు తెలుసు. ఆ గుట్టల్లో ఉన్న తండా నాయకుడు ఎవరు, వాళ్లు ఎక్కడికి పోయిన్రు అంటే చెప్పేటోళ్లు దొరకరు. 2022 సెప్టెంబర్ 17న అదే బంజారాహిల్స్‌లో కొమురం భీం ఆదివాసీ భవన్, సేవాలాల్ బంజారా భవన్ తెరిచిన్రు. సంతోషమే. భవనం లేచింది, ఆ కథ మాత్రం ఇంకా లేవాల్సి ఉంది. మా తండా తమ్ముళ్లిద్దరు అది మా పని అంటున్నరు.

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో స్టేట్ మ్యూజియం ఉంది, అందులో ఈజిప్టు మమ్మీ ఉంది. రెండు వేల ఏండ్లు దాటింది. అంత దూరం నుంచి వచ్చిన ఆ పిల్లకు ఇక్కడ పేరు ఉంది, వయసు లెక్క ఉంది. మా చెంచు తమ్ముడు చూసి, "మా అవ్వ పుట్టిన సంవత్సరం ఆధార్‌లో అందాజగా వేసిన్రు" అన్నడు. అందరం నవ్వినం గాని బయటికొచ్చినంక ఆ నవ్వు నిలవలేదు. మాసాబ్‌ట్యాంక్‌లో ట్రైబల్ మ్యూజియం కూడా ఉంది. మన ఇండ్లల్లో వాడే వస్తువులు అక్కడ అద్దాల వెనక ఉన్నయి. పోయి చూడండి, కింద రాసిన చీటీలు చదవండి. తప్పుంటే చెప్పగలిగేది మీరే.

మన దగ్గర రాత లేదని కొందరు అంటరు. నార్నూర్ మండలం గుంజాల ఊళ్లో ఇండ్లల్లో దాచుకున్న గోండి రాతప్రతులు బయటపడ్డయి. ప్రొఫెసర్ జయధీర్ తిరుమలరావు గారి లాంటోళ్లు వాటి మీద పని చేసిన్రు. 2018లో ఆ గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది. అంటే ఫోన్‌లో, కంప్యూటర్‌లో రాయడానికి దారి పడ్డది. ఆ ప్రతులు ఎక్కడున్నయి ఇన్నాళ్లు? అచ్చం మా తమ్ముని నాయనమ్మ టిన్ను డబ్బా లాంటి డబ్బాల్లో.

ఇక ఉద్యోగం సంగతి

ఇంట్లో అడిగే ప్రశ్న ఇదే కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తం. ఎం.ఏ. హిస్టరీ రెండేండ్లు, నాలుగు సెమిస్టర్లు. ఉస్మానియా, కాకతీయ లాంటి రాష్ట్ర యూనివర్సిటీలకు సీపీగెట్ ఒక్క ఎంట్రెన్స్ రాస్తే చాలు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ రాయాలె. పాస్ కాగానే ఉద్యోగం చేతికి రాదు. అది నిజం. కాని దారులున్నయి. గ్రూప్స్‌లో చరిత్ర, తెలంగాణ ఉద్యమం పేపర్లు ఎట్లాగూ చదవాల్సిందే. జూనియర్ లెక్చరర్‌కు పీజీ కావాలె. నెట్ రాస్తే డిగ్రీ లెక్చరర్ దారి. పీహెచ్‌డీ చేయాలంటే కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఎస్టీ విద్యార్థులకు ఏటా 750 ఫెలోషిప్‌లు ఇస్తది. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి 2023 డిసెంబర్‌లో పార్లమెంటు చట్టం చేసింది. అక్కడ రేపు మన చరిత్ర చెప్పే కుర్చీలో ఎవరు కూర్చోవాలె?

బీఈడీ, కానిస్టేబుల్, గ్రూప్స్ వద్దని మేము చెప్పం. ఇంటికి జీతం కావాలె, ఆ ఆకలి మాకు తెలుసు. మా ఆరుగురిలో కూడా ముగ్గురు ఆ దిక్కే పోతున్నరు. ముగ్గురం మాత్రం ఈసారి హిస్టరీకి ఎంట్రెన్స్ రాస్తున్నం. జైనూరు తమ్ముడు కూడా రాస్తున్నడు. వాళ్ల నాయనకు అది ఇష్టం లేదు, కానిస్టేబుల్‌కు పరుగు ప్రాక్టీస్ చెయ్యమంటున్నడు. తమ్ముడు పొద్దున నెక్లెస్ రోడ్డులో పరుగు పెడుతున్నడు, సాయంత్రం యూట్యూబ్ చూసి అలీఫ్, బే దిద్దుతున్నడు. రెండూ చేస్తనంటున్నడు. చూద్దాం.

దరఖాస్తు మళ్లీ పెట్టినం. ఈసారి రసీదు, దాని తెలుగు అనువాదం, తాత నాయన పేరు నుంచి తమ్ముని దాకా వంశవృక్షం, చెలకలో ఉన్న పాత బావి ఫోటో, ఊళ్లో ముగ్గురు పెద్దల మాట రాసి వేలిముద్రలు వేయించి పెట్టినం. జవాబు ఇంకా రాలేదు. వస్తే ఏదైనా ఇక్కడే చెప్తం, కాదన్నా దాచం.

ఈ సెలవుల్లో ఇంటికి పోయేటోళ్లు మూడు పనులు చేయండి. ఒకటి, ఇంట్లో పాత కాగితం ఏదున్నా ఫోటో తీయండి, చదవరాలేదని పారేయొద్దు, లామినేషన్ చేయించొద్దు. రెండు, ఇంట్లో అందరికంటే ముసలోళ్ల దగ్గర కూర్చొని ఏడు తరాల పేర్లు అడగండి, ఎన్ని వస్తే అన్ని రాయండి. మూడు, ఏ సంగతి చెప్పినా "ఏ సంవత్సరం?" అని అడగొద్దు, వాళ్లకు కోపమొస్తది. "ఏ పంట కాలం, వెన్నెలనా చీకటా, ఆ ఏడు ఏం జరిగింది?" అని అడగండి. తేదీ మనం కట్టుకుందాం.

నాంపల్లి పెద్దాయన దగ్గరికి మళ్లీ పోయినం, అక్షరాలు నేర్పమని. వారానికి ఒక గంట నేర్పుతనన్నడు. ఆయనకు ఎనభై దాటినయి. మనకు టైమ్ ఎక్కువ లేదు.

జోహార్లు.
ఖైరతాబాద్ హాస్టల్ రూమ్ నుంచి, మేము ఆరుగురం.